పాత జట్టు: ఏడవ భాగం - ఆదివారం ఎవరిది?

పోయిన వారం జగన్నాధం పోస్టు డబ్బాలో ఒక ఉత్తరం పడేసి, చేతులు దులుపుకుని, పొందూరు బజారులో హుషారుగా నడిచి వెళ్తూండగా మనం అతన్ని వదిలిపెట్టాం. ఆ ఉత్తరంలో ఏముందో మనకు తెలుసు. అతని భార్య తాయారుకు తెలియదు. ఈ వారమే కొత్తగా కథలో అడుగు పెడుతున్న వారికోసం వెనకటి సంగతి నాలుగు ముక్కల్లో చెప్పి ముందుకు పోదాం.

శ్రీకాకుళంలో ఒక మిషను హైస్కూలు ఉంది. ఇరవై ఏడేళ్ళ కిందట ఆ బడి జట్టు విజయనగరం వెళ్ళి, బుట్టబంతి ఆటలో జిల్లా కప్పు గెలుచుకు వచ్చింది. ఇప్పుడు బడికి యాభై ఏళ్ళు నిండాయి. ఆ ఉత్సవాల్లో పాత జట్టు చేత కాలేజీ కుర్రాళ్ళతో ఒక ఆట ఆడించాలనీ, ఆట అయ్యాక పాత కప్పు ఒళ్ళో పెట్టుకుని కెప్టెన్ కుర్చీలో కూర్చోగా ఫోటో తీయించి బడి హాల్లో వేలాడదీయాలనీ హెడ్మాస్టరు గారు తలపెట్టారు. నాటి కెప్టెన్ సత్యరాజు. ఇప్పుడు సాలూరులో రెండు లారీల ఆసామి, అక్కడి బాప్టిస్టు సంఘానికి పెద్ద. నాటి వైస్ కెప్టెన్ మన జగన్నాధం. పొందూరు ఖద్దరు డిపోకి మేనేజరు.

ఆట మొదట ఫిబ్రవరి పదో తారీకు, శనివారం సాయంత్రానికి అనుకున్నారు. "శనివారం ఆఫీసులుంటాయి, జనం రారు. మర్నాడు ఆదివారం ఉదయం తొమ్మిదింటికైతే బాగుంటుంది. పాత జట్టుకంతటికీ ఇది సమ్మతమే" అని జగన్నాధం హెడ్మాస్టరు గారికి రాశాడు. జట్టులో ఒక్కరినీ అడగలేదు. ఆదివారం ఉదయం తొమ్మిదింటికి సత్యరాజు ఎక్కడ ఉంటాడో అతనికి బాగా తెలుసు. సాలూరు చర్చిలో బల్లముందు నిలబడి పాట ఎత్తుకుంటూ ఉంటాడు. ఆ వేళకి కొండ విరిగి మీద పడుతుందన్నా అక్కడినుంచి కదలడు. ఇక కుర్చీలో కూర్చునేది ఎవరు?

హెడ్మాస్టరు గారు రోజు మార్చారు. జట్టుకంతటికీ కార్డులు రాశారు. జగన్నాధం బుధవారం నుంచి సెలవు పెట్టి, అరసవల్లిలో మరదలు నీలవేణి ఇంట దిగాడు.

శుక్రవారం సాయంత్రం నాలుగైంది. బడి వెనక కోర్టులో పాత జట్టు సాధన చేస్తోంది. సాధన అంటే, బియ్యం మిల్లు నరసింగరావు ఆయాసపడుతున్నాడు, మిగిలినవాళ్ళు అతని ఆయాసం తీరేదాకా ఆగుతున్నారు. ఆసుపత్రి కాంపౌండరు అప్పలసూరి ఎవరు మోకాలు పట్టుకున్నా సంచిలోంచి తైలం సీసా తీసి తయారుగా ఉన్నాడు. గంగులుకి వినికిడి తగ్గింది, బంతి విసిరేముందు చెయ్యి ఊపి చూపించాలి. ఆరోవాడు సూరయ్య. నాడు కూడా ఆరోవాడే. ఎవరికైనా దెబ్బ తగలకపోతుందా అని ఇరవై ఏడేళ్ళుగా బల్లమీద కూర్చుని ఉన్న మనిషి.

దీనికి తోడు బనీన్లు. జట్టుకు బనీన్లు తనే తెస్తానని జగన్నాధం పట్టుబట్టి, పొందూరు సన్న ఖద్దరుతో కుట్టించాడు. ఖద్దరన్నాక మడత నలగకూడదు గదా అని గంజి దట్టంగా పట్టించాడు. డిపోలో పంచెలకు పట్టించినట్టే బనీన్లకూ పట్టించాడు. ఆటగాడికి చెమట పడుతుందన్న ఆలోచన అతనికి తట్టలేదు.

"ఏటిరా జగ్గా ఈ బనీను?" అన్నాడు నరసింగరావు, రెండు చేతులూ ఒంటికి తగలకుండా ఎడంగా పెట్టుకుని. "సెమట పట్టకముందు అట్టముక్క, పట్టినాక జిగురు. ఇంటికెల్లి మా ఆడది ఒలిస్తే గానీ ఇది ఊడదు."

"గంజి మంచిదేరా. నీ బొజ్జ జారిపోకుండా పట్టుకుంటాది" అన్నాడు అప్పలసూరి.

జగన్నాధం నవ్వలేదు. అతని చెవులు వీధి గేటు వైపు ఉన్నాయి. సత్యరాజు కార్డు అందుకున్నాడు. కోపం వచ్చి ఉంటుంది. కోపం వస్తే రాడు, రాకపోతే పీడా పోయింది. వస్తే మాత్రం ముఖం చిన్నబుచ్చుకుని, 'ఎవుడురా ఆదివారం పెట్టింది' అని అరుస్తూ వస్తాడు. అప్పుడు ఏమనాలో జగన్నాధం మూడు రోజులుగా మనసులో వల్లె వేసుకుంటున్నాడు.

లారీ హారను మోగింది. గేటు దగ్గర లారీ ఆగింది. సత్యరాజు చిన్నబుచ్చుకుని దిగలేదు. అరుస్తూనూ దిగలేదు. ఆరడుగుల మనిషి ఒక్క గెంతులో దూకాడు.

"ఏట్రా ముసిలోళ్ళూ! ఇంకా ఊపిరి తీస్తన్నారా?"

ఇందాక అడుగు వెయ్యలేక చతికిలబడ్డ నరసింగరావు లేచి పరుగెత్తాడు. అప్పలసూరి సీసా మూత పెట్టకుండానే పరుగెత్తాడు. వినపడని గంగులుకి కూడా ఈ గొంతు వినపడింది. అందరూ అతని చుట్టూ మూగి, భుజాలు చరిచి, బుగ్గలు పట్టుకుని లాగారు. జగన్నాధం చేతిలో బంతి పట్టుకుని కోర్టు మధ్యలో ఒక్కడూ మిగిలాడు. బుధవారం తను వచ్చినప్పుడు వీళ్ళు 'వచ్చినావా, కూకో' అన్నారు. అంతే.

అక్కడినుంచే అతను సత్యరాజును తలనుంచి కాళ్ళదాకా వెతికాడు. ఎక్కడైనా వయసు దొరుకుతుందేమోనని. జుట్టు నల్లగానే ఉంది. రంగేమోననుకున్నాడు. చెవుల దగ్గర నాలుగు తెల్లవెంట్రుకలున్నాయి గనుక రంగు కాదు. పొట్ట లేదు. నవ్వితే పళ్ళు వరసగా మెరిశాయి. కట్టుడుపళ్ళేమో అనుకుని కాస్త ఊరట పొందేలోగా, సత్యరాజు అప్పలసూరి సంచిలోంచి ఒక చెరుకుముక్క లాక్కుని పరపరా కొరికాడు.

"ఒరే జగ్గా, బంతిటియ్యి" అని కేక వేశాడు.

ఇవ్వక తప్పింది కాదు. సత్యరాజు చెప్పులైనా విడవకుండా, గీత బయటనుంచే బంతి విసిరాడు. అది రింగుకు తగలకుండా, బోర్డుకు తగలకుండా, తన ఇంటికి తను వెళ్ళినట్టు బుట్టలోకి వెళ్ళింది. అందరూ 'హో' అని అరిచారు. గాలి కలిసొచ్చింది అనుకున్నాడు జగన్నాధం. ఆకు కూడా కదలడం లేదు.

ఈ మంట ఈనాటిది కాదు. విజయనగరం ఆటలో ఆఖరు నిమిషాన అవతలివాడి చేతిలోంచి బంతి ఊడలాక్కున్నది జగన్నాధం. ఇద్దరిని తప్పించుకుని బుట్టదాకా వెళ్ళింది జగన్నాధం. తనే విసరవచ్చు. కానీ సత్యరాజు ఎదర ఖాళీగా ఉన్నాడు, అతనికి అందించాడు. సత్యరాజు విసిరాడు. కప్పు వచ్చింది. డ్రిల్లు నేర్పే దొరగారు సత్యరాజును భుజాలమీదకు ఎత్తుకున్నారు. ఫోటోలో సత్యరాజు నడుమ ఉన్నాడు. ఫోటో తీసేవేళకు అందరూ అతని దగ్గరకు జరగడంతో జగన్నాధం అంచుకుపోయాడు. తాయారు కాపురానికి వచ్చిన కొత్తలో గోడమీది ఆ ఫోటో చూసి, "ఇందులో మీరేరీ?" అని అడిగింది. ఇదిగో అని వేలు పెట్టి చూపించాడు. "ఇది చెవిలాగున్నాదే" అంది ఆమె.

ఆ రోజుల్లో సత్యరాజు జగన్నాధం ఇంటికి వస్తే నాయనమ్మ అరుగు దాటనిచ్చేది కాదు. మంచినీళ్ళు పైనుంచి దోసిట్లో పోసేది. ఆ ఇంటి బిడ్డ, ఆ అరుగుమీద దోసిలి పట్టిన కుర్రాడిని చూసి ఇంత కాలం కుళ్ళుకున్నాడంటే ఏమనుకోవాలి? దేవుడు మనకు పళ్ళెం నిండా వడ్డించి కూర్చోబెడితే, మన కళ్ళు పక్కవాడి ఆకులోని ఒక్క వడమీద ఎందుకు ఉంటాయో, నాకైతే తెలియదు.

"అయితేనూ సత్యం, ఆదివారం పొద్దున్న నీకు సర్చి గదరా? ఎలగాడతావు?" అని అడిగాడు అప్పలసూరి.

జగన్నాధం ఒక అడుగు దగ్గరకు జరిగాడు.

"ఆడను" అన్నాడు సత్యరాజు, చెరుకుపిప్పి ఉమ్మేస్తూ. "నాకెలగ కుదురుతాది? సూరయ్య ఆడతాడు. పాపం, ఎన్నాళ్ళని కూకుంటాడు. కెప్టెన్ మన జగ్గడు."

సూరయ్య లేచి నిలబడి, ఏం చేయాలో తోచక మళ్ళీ కూర్చున్నాడు.

"జగ్గడా?" అన్నాడు నరసింగరావు.

"ఏం, జగ్గడైతే ఏటి?" అన్నాడు జగన్నాధం.

"ఏటీ లేదురా. ఉట్టినే అడిగినాను." నరసింగరావు బనీను కొంచెం ఒలుచుకుని వదిలేశాడు. "నడవండ్రా, టీ తాగొద్దాం. సచ్చిపోతన్నాను."

ఇరవై ఏడేళ్ళు కోరుకున్న పదవి దక్కింది. వేడుక చేయవలసినవాళ్ళు టీ తాగడానికి వెళ్ళిపోయారు. సత్యరాజు కోపగించి ఉంటే, పేచీ పెట్టి ఉంటే, ఓడిపోయినట్టు కనిపించి ఉంటే ఈ గెలుపుకు కాస్త రుచి ఉండేది. వాడు చెరుకుపిప్పి ఉమ్మేసినంత తేలిగ్గా పదవిని వదిలేశాడు. అంత తేలిగ్గా వదిలేసిన దానికోసమా తను ఇన్నాళ్ళు నిద్ర మానుకున్నది?

బోర్డు కింద ఇద్దరే మిగిలారు. సత్యరాజు బంతిని నేలకేసి రెండుసార్లు కొట్టి చంకలో పెట్టుకున్నాడు.

"మా సెల్లమ్మని అరసవల్లిలో దింపి వస్తన్నాను" అన్నాడు.

"ఎవరిని?"

"తాయారమ్మనిరా. పొందూరు మీదుగానే గదా వచ్చినాను. కొత్తకుండ, బియ్యం, బెల్లం, పిడకల మూట అన్నీ పెట్టుకుని బస్సుకోసం కూకున్నాది. లారీ ఎక్కించీసినాను. ఎల్లుండి ఆదివారం మీ మొక్కంట గదా?"

మొక్కు సంగతి జగన్నాధానికి అప్పుడు గుర్తొచ్చింది.

కిందటేడు అతనికి కళ్ళకలక ముదిరి, నెలరోజులు చూపు మసకబారింది. అరసవల్లి సూర్యనారాయణమూర్తికి తాయారు మొక్కుకుంది. చూపు వస్తే, మాఘంలో ఒక ఆదివారం ఇద్దరం వచ్చి, నీ ఎదట పిడకలమీద పరమాన్నం వండి, చిక్కుడాకుల్లో నైవేద్యం పెట్టుకుంటాం స్వామీ అని. చూపు వచ్చింది. ఆ వచ్చిన చూపుతోనే అతను హెడ్మాస్టరు గారికి ఉత్తరం రాస్తున్న పొద్దున, తాయారు గుమ్మంలో నిలబడి, "శనివారం మీ ఆట అయిపోతాది గదా, మర్నాడు ఆదివారం మొక్కు తీర్చేసుకుందాం" అంది. అతను తల ఎత్తకుండా "ఊ" అన్నాడు. అప్పుడతని కలం సరిగ్గా 'ఆదివారం' అన్న మాట రాస్తోంది. 

"పొద్దు పొడిసిన కాడినించీ మధ్యాన్నం దాకా మొగుడూ పెళ్ళాం పక్కపక్కనే ఉండాలంట. నైవేద్యం అయ్యీదాకా పచ్చిమంచినీళ్ళు ముట్టకూడదంట. దారి పొడుగునా అదే సెప్పింది" అన్నాడు సత్యరాజు. "మరి తొమ్మిదింటికి ఎలగాడతావురా?"

జగన్నాధం బనీను అంచు సర్దుకున్నాడు.

"నా దేవుడి రోజు నీకు బాగా గురుతున్నాది. నీ దేవుడి రోజే మర్సిపోనావు."

"అంటే? ఏటంటావు?"

"నిన్న సరుకు దింపడానికి వచ్చి హెడ్మాస్టరు గారి కాడికెల్లినాను. రోజెందుకు మార్సినారని అడిగితే ఉత్తరం తీసి సూపించినారు. నీ రాత నాకు తెలీదేటి? నీ కాయితం సూసి గదరా నేను లెక్కల్లో గట్టెక్కింది."

అవతల టీ బడ్డీ దగ్గర నరసింగరావు నవ్వు వినపడుతోంది. జగన్నాధం అటు చూసి, గొంతు తగ్గించి, "మరి ఇందాక వాళ్ళముందు అడగలేదేం?" అన్నాడు.

"అడిగితే ఏటొస్తాది? నీ పరువు పోతాది. అది నాకెందుకు?" సత్యరాజు బంతిని కింద పెట్టాడు. "కుర్చీ కావాలని ఓ ముక్క సెప్పుంటే ఇచ్చీసీవోడిని గదరా జగ్గా."

ఈ మాట దగ్గర జగన్నాధం తట్టుకోలేకపోయాడు. తిట్టినా ఇంత మండేది కాదు.

"నువ్విచ్చీదేటిరా? అది నీదైతే గదా ఇవ్వడానికి! విజయనగరంలో బంతి లాక్కున్నదెవుడు? ఇద్దరిని తప్పించుకొచ్చిందెవుడు? నేనే వెయ్యొచ్చు. నీకిచ్చినాను. నేనిచ్చింది నువ్వేసినావు. దొర నిన్నెత్తుకున్నాడు. పేపర్లో నువ్వు, ఫోటోలో నువ్వు. ఇంట్లో నా పెళ్ళాం ఆ ఫోటో సూసి నవ్వింది. ఇరవై ఏడేళ్ళనించి, ఎక్కడికెల్లినా, 'నువ్వు సత్యరాజు జట్టులో వాడివి గదా' అంటారు. నాకు పేరు లేదేటిరా?"

చెప్పేశాక అతనికే ఆశ్చర్యం వేసింది. ఇంత మాట లోపల పట్టి ఉంచాడా?

సత్యరాజు కింద పెట్టిన బంతిని కాలితో ఆపాడు.

"నిజమే. ఆ బంతి నీదే" అన్నాడు. "దొరగారు ఎత్తుకున్నప్పుడు పైనించి నీకోసం సూసినాను. నిన్ను కూడా లాగుదామని. నువ్వు కోర్టవతల సెప్పులు ఎతుక్కుంటన్నావు."

"కొత్తచెప్పులు" అన్నాడు జగన్నాధం నీరసంగా. "పోతే మా నాన్న చంపేస్తాడని."

"అదీ సంగతి. నీ సెప్పులు దొరికినాయి, నాకు కప్పు దొరికింది." సత్యరాజు నవ్వబోయి మానేశాడు. "ఒరే, హెడ్మాస్టరు గారు అదిగో, వసారాలో కూకుని ఉన్నారు. ఇప్పుడే ఎల్లి, పొరపాటైపోనాది, రేపు శనివారమే ఆడతామని సెప్పీ. ఈ పూటే ఊళ్ళో దండోరా ఏయించీవొచ్చు. నీ మొక్కూ దక్కుతాది, నా సర్చీ దక్కుతాది. కుర్చీ నీకే. నేను కింద కూకుంటాను."

కోర్టుకు అవతలి పక్కనే హెడ్మాస్టరు గారి ఇల్లు. ముప్పై అంగలుంటుంది. వసారాలో ఆయన పేపరు చదువుకుంటున్నారు. వెళ్ళి ఒక్కమాట చెప్పాలి. జగన్నాధం ఒక అంగ వేశాడు. పొరపాటు అంటే ఎలాంటి పొరపాటు అని ఆయన అడుగుతారు. జట్టు సమ్మతి అని అబద్ధం ఎందుకు రాశావంటారు. తను తలవంచుకోవాలి. సత్యరాజు వెనక నిలబడి, 'పోనీలెండి సార్' అంటాడు. మళ్ళీ సత్యరాజే గొప్పవాడు. కుర్చీ కూడా సత్యరాజు దయవల్ల దక్కినదే అవుతుంది.

రెండో అంగ పడలేదు.

ఇంతలో టీ తాగినవాళ్ళు తిరిగి వచ్చారు. వాళ్ళ వెనకే గేటు దగ్గర రిక్షా ఆగింది. తాయారు దిగింది. కొంగు నడుముకు బిగించి ఉంది. తాయారు నెమ్మదైన మనిషే. కొంగు బిగించిందంటే మాత్రం డిపోలో గుమాస్తాలు కూడా పక్కకు తప్పుకుంటారు.

"ఏవండీ" అంది వస్తూనే. "అరసవల్లి గోడలమీద కాయితాలంటించినారు, ఆట ఆదివారం పొద్దున్నని. నీలవేణి మొగుడు సదివి సెప్పినాడు. శనివారం గదా అన్నారు? ఎవులు మార్సినారు?"

అందరూ ఆగారు. గంగులు కూడా ఏదో జరుగుతోందని గ్రహించి చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. సత్యరాజు మెల్లగా జగన్నాధం వైపు తిరిగాడు. ఆ చూపులో బెదిరింపు లేదు. 'ఇదిగో, సమయం వచ్చింది, చెప్పు' అని మాత్రమే ఉంది. నిజం చెప్పే వీలు దేవుడు ఒకసారి కాదు, రెండుసార్లు ఇస్తాడు. రెండోసారి మన ముఖంలోకి చూస్తూ మరీ ఇస్తాడు.

"సత్యరాజు" అన్నాడు జగన్నాధం.

ఆ మాట తన నోటినుంచే వచ్చిందని అతనికి ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది. వెనక్కు తీసుకోవచ్చు. తీసుకోలేదు.

"సత్యరాజా?" అన్నాడు అప్పలసూరి నోరు తెరిచి. "ఆడు ఆడలేని రోజు ఆడే పెట్టుకున్నాడేటి? ఇదేటి సోద్యం?"

సత్యరాజు ముఖంలో రంగు మారింది. గడ్డం నిమురుకున్నాడు. ఆ పెదవులమీద ఏ మాట వస్తుందోనని జగన్నాధం ఎదురుచూశాడు. ఆదివారం సంఘం ముందు వాక్యం చదవవలసిన పెదవులవి.

"అవును సెల్లమ్మా. నేనే" అన్నాడు సత్యరాజు. "కాలేజీ కుర్రగుంటల్ని సూసి భయమేసింది. ఓడిపోతే ఉన్న కాస్త పేరూ పోతాదని. ఆదివారమైతే సర్చి పేరు సెప్పి తప్పించుకోవచ్చని... అలగ సేసినాను."

తాయారు నిలువునా మండిపడింది.

"బాగున్నాది అన్నయ్యా! మీ భయానికి మా మొక్కు మంట్లో కలవాలా? ఈయన కళ్ళకోసం కాదేటి నేను మొక్కుకున్నది? దారిలో అంతసేపు సెప్పినాను, పిడకలు కూడా మీరే దింపినారు, నోరు విప్పినారా? దేవుడికి భయపడీ మనిషి మీరు. అన్నం తినీ ముందు కళ్ళు మూసుకుంటారు గదా, అప్పుడేటి సెప్పుకుంటారు ఆయనకి?"

సత్యరాజు తలవంచుకున్నాడు. ఆ తిట్లలో ఒక్కొక్కటీ వచ్చి జగన్నాధం వీపుమీద పడుతున్నట్టే ఉంది. పడనీ అనుకున్నాడు. ఈ ఒక్కసారైనా సత్యరాజును నలుగురూ తక్కువగా చూడనీ.

కానీ నరసింగరావు ఏం చేశాడు? గంజి బనీను చిరచిరలాడుతుండగా వెళ్ళి సత్యరాజు భుజంమీద చెయ్యి వేశాడు.

"భయమేసిందని నలుగురిలో ఒప్పుకున్నాడు సూడండ్రా. మనకెవుడికుంది ఆ ధైర్యం? మొన్నటినుంచీ నాకూ లోపల భయమే. నోరెత్తినానా?"

"నాకూనురా" అన్నాడు అప్పలసూరి. "తైలం సీసా అందుకే తెచ్చినాను, కాలు బెణికిందని కూకుందామని."

సూరయ్య వచ్చి సత్యరాజు చెయ్యి పట్టుకున్నాడు.

జగన్నాధం అదంతా చూస్తూ నిలబడ్డాడు. తప్పు చేసింది తను. ఎత్తువేసి, కష్టపడి, మనసు పాడుచేసుకుని చేసిన తప్పు. దాన్ని కూడా సత్యరాజు ఒక్కమాటతో తీసుకుని, అందులోంచి కూడా మెప్పు రాబట్టుకున్నాడు! తప్పు నాదిరా, అని అరవాలనిపించింది. నిజం చెప్పాలన్న పశ్చాత్తాపంతో మాత్రం కాదు. ఆ భుజంమీది చెయ్యి తనమీద పడాలని.

"మాటలతో పనేటి?" అంది తాయారు, కొంగు మళ్ళీ బిగించి. "మార్సినోళ్ళు మార్సినారు. హెడ్మాస్టరు గారు అల్లక్కడే ఉన్నారు గదా. నేనే ఎల్లి అడుగుతాను. ఆయన కూడా మడిసే గదా, మొక్కంటే ఇంటారు."

ఆమె అప్పుడే కోర్టు దాటుతోంది.

"తాయారూ!" అన్నాడు జగన్నాధం. ఆమె ఆగలేదు. "తాయారూ, ఆగు! నేనెల్తాను!"

పరుగెత్తాడు. బుధవారం నుంచి ఒక్క చుట్టు తిరగడానికి మూడుసార్లు ఆగిన మనిషి, కోర్టు మధ్యగా, పడివున్న బంతిమీదనుంచి దూకి, బనీను చంకలో పర్రున చిరిగినా చూసుకోకుండా పరుగెత్తాడు.

"ఓలమ్మో! ఈ పరుగు ఇన్నాళ్ళూ ఎక్కడ దాసినావురా?" అని నరసింగరావు వెనకనుంచి అరిచాడు.

అందుకోలేకపోయాడు. తాయారు మొదటి మెట్టుమీద కాలు పెట్టి, ఆట రోజు మార్చిన సంగతి ఎత్తేసింది. హెడ్మాస్టరు గారు పేపరు మడిచి, కళ్ళజోడు పైకి తోసుకుని, ఆప్యాయంగా లేచారు. ఆయనది తరగతి గదిలో ఆఖరి బల్లదాకా వినపడే గొంతు. రిటైరయ్యే వయసు వచ్చినా ఆ గొంతు తగ్గలేదు.

"రామ్మా, రా. మీవారు రాసిన ఉత్తరం సంగతేనా? రోజు మార్చమని ఆయన రాశాక మార్చకుండా ఎలా ఉంటాను? నిన్న సత్యరాజు కూడా వచ్చి దాన్నే చూసి వెళ్ళాడు. ఉండు, తెస్తాను."

ఆయన లోపలికి వెళ్ళారు.

తాయారు కాలు మెట్టుమీదే ఆగిపోయింది. తరువాత నెమ్మదిగా వెనక్కు తిరిగింది. రొప్పుతూ మూడడుగుల దూరంలో నిలబడ్డ భర్తను దాటి, ఆమె చూపు కోర్టులోకి వెళ్ళింది.

"అన్నయ్యా" అంది. ఇందాకటి కోపం ఆ గొంతులో లేదు. "నాకెందుకు అబద్ధం సెప్పినారు?"

నరసింగరావు చెయ్యి సత్యరాజు భుజంమీదనుంచి జారింది. అప్పలసూరి, గంగులు, సూరయ్య ఒకరి తరువాత ఒకరు తలలు తిప్పారు. లోపల బీరువా తలుపు కిర్రుమంది.

ఇరవై ఏడేళ్ళలో మొదటిసారి, అక్కడున్న వాళ్ళందరూ జగన్నాధం వైపే చూస్తున్నారు.